నాలుగు చక్రాలకు ఎనిమిది మూతలు

"బోల్టు నేనే బిగించాను. బిగించి లాగి చూశాను. ఇంకెన్నిసార్లు చెప్పించుకుంటారు నాచేత?" అన్నాడు జాహిర్.

"నేను బోల్టు సంగతి అడగలేదు. తువైనీ మూతలు ఎక్కడ పెట్టుకునేవాడని అడిగాను."

"ఏ మూతలు?"

"చక్రాల్లో గాలి దించేటప్పుడు తీస్తామే, ఆ మూతలు."

ఏడ్చి ఏడ్చి వాచిన కళ్ళతో నావైపు చూశాడు. తన మెడకి ఉరి బిగుస్తుంటే ఈ ముసలిది మూతల గొడవ ఎత్తిందేమిటని ఆ చూపుకి అర్థం. అర్థమైనా నేను కదల్లేదు. పోలీసు ఉద్యోగంలో పాతికేళ్ళు ఇలాంటి చూపులు తినే బతికాను.

"పైజేబులో వేసుకుంటాడు. గాలి దించడం అయిపోగానే మళ్ళీ బిగించేస్తాడు. అందరం అంతేగా? మూత లేకుండా ఇసుకలోకి ఎవడు పోతాడు?"

"ఎవడూ పోడు," అన్నాను. "ఇప్పుడు మొన్నటి గొడవ చెప్పు. నువ్వూ తువైనీ కొట్టుకున్నారట."

"కొట్టుకోలేదు. అరుచుకున్నాం. ఆ కొత్త ఇసుక బగ్గీలో తెర ఉంటుంది చూశారా? ఏ దారిన పోతే ఆ దారి అందులో గీసేస్తుంది. తువైనీ బండి పరీక్ష వంకతో మన దారులన్నీ అందులోకి ఎక్కిస్తున్నాడు. రేపు బండి కొన్న ప్రతివాడికీ అవి దాంతోపాటే ఇస్తారట. ముసల్లమ్ బాబాయి తన కొడుకులకి కూడా చూపించని దారులవి, తప్పురా అన్నాను. నీకెందుకురా అన్నాడు. మాటా మాటా పెరిగింది."

"ఎవరు విన్నారు?"

"గుడారాల క్యాంపంతా విన్నది. ముసల్లమ్ బాబాయే వచ్చి విడదీశాడు."

తలుపు తీసుకుని లెఫ్టినెంట్ హైథమ్ వచ్చాడు. ఇస్త్రీ నలగని చొక్కా, చేతిలో ఖర్జూరం. ఒకప్పుడు నా కింద పని నేర్చుకున్నవాడే. అప్పట్లో నేను మేడమ్‌ని. ఉద్యోగం వదిలాక మా వాడి పేరుతో ఉమ్మ్ జాబిర్‌ని, అంటే జాబిర్ తల్లిని, అయ్యాను.

"అయిందా ఉమ్మ్ జాబిర్? ఇన్సూరెన్స్ వాళ్ళ కాగితం తెచ్చారు కాబట్టి రానిచ్చాను. అది కూడా బండికి ఇన్సూరెన్స్, మనిషికి కాదు."

"మనిషికి చేసేవాళ్ళెవరూ దొరకలేదు నాయనా. అందుకే నేనొచ్చాను."

నన్ను నిజానికి పంపింది ఇన్సూరెన్స్ కాదు. జాహిర్ తల్లి నస్రా. తెల్లవారుజామున మా ఇంటి గుమ్మంలో కూలబడి, నా కొడుకు చీమని కూడా తొక్కడు గనీమా, వాణ్ణి నాకు తెచ్చిపెట్టు అని నా కాళ్ళు పట్టుకుంది. తెస్తానన్నాను. నోరు ఊరుకోదు కదా నాకు.

బయటికొచ్చాక హైథమ్ కేసు అప్పజెప్పాడు. "వినండి. మస్కట్ నుంచి రెండు కొత్త బగ్గీలు వచ్చాయి, ఎర్రదొకటి, తెల్లదొకటి. బండిని ఇసుకలో నడిపి బాగుందో లేదో చెప్పేవాడు తువైనీ. బండి సిద్ధం చేసేవాడు జాహిర్. నిన్న తెల్లవారి ఫజర్ నమాజు కాగానే తువైనీ ఎర్రదాన్ని తీసుకుని ఒక్కడే పోయాడు. పొద్దెక్కినా రాలేదు. ముసల్లమ్ వెతుక్కుంటూ పోతే ఒంటె దవడ అని పిలిచే ఇసుక గుంటలో బగ్గీ పక్కకి పడి ఉంది. దాని కింద తువైనీ, తల పగిలి. గుంటలోంచి ఎంత పిలిచినా రేడియో క్యాంపుకి అందక, ముసల్లమ్ మళ్ళీ దిబ్బ ఎక్కి మాకు కబురు చెప్పాడు. స్టీరింగు రాడ్డుకి బోల్టు లేదు. సీటు కింద జాహిర్ పానా దొరికింది. ముందురోజు సాయంత్రం గొడవ. ఇంకేం కావాలి?"

"బండి చూడాలి. పొద్దున్న వస్తూ రేకుల సందులోంచి దాని మూతలు మాత్రమే చూశాను."

ఎర్ర బగ్గీ ఔట్‌పోస్ట్ వెనక రేకుల నీడలో ఉంది. నేను బోల్టు దగ్గరికి పోలేదు. చక్రం పక్కన గొంతుక్కూచున్నాను. మోకాలు కలుక్కుమంది. గాలి మూత మీద వేలు పెట్టి తిప్పాను. అది నల్ల ప్లాస్టిక్ మూతే కానీ ఎండకి వెలిసి బూడిదరంగుకి తిరిగింది. అంచు పగిలింది. మిగతా మూడూ అలాగే ఉన్నాయి.

"ఈ బండి ఓడ దిగి ఎన్నాళ్ళయింది?"

"వారం."

"వారంలో మూతలు ఇంత ముసలివయ్యాయా?"

హైథమ్ ఖర్జూరం గింజ ఉమ్మేశాడు. "లాక్కొచ్చేందుకు చక్రాలకి గాలి కొట్టించాను. నా కళ్ళముందే కొట్టారు. ఆ మూతలే తీశారు, ఆ మూతలే పెట్టారు. కాబట్టి గుంటలో దొరికినప్పుడూ ఇవే ఉన్నాయి."

"గాలి కొట్టేముందు చక్రాల్లో ఎంతుందో చూశావా?"

"లేదు."

"భేష్. నేను నీకు నేర్పింది ఇదేనా?"

వాడి మొహం మాడింది. లోపలికెళ్ళి తువైనీ వస్తువుల సంచి తెచ్చాడు. వాచీ, తలగుడ్డ, ఒక కవరులో నాలుగు చిన్న మూతలు. నల్లగా, నిగనిగలాడుతూ, ఇవాళే డబ్బాలోంచి తీసినట్టున్నాయి.

"ఇవెక్కడివి?"

"అతని పైజేబులోవి. స్పేర్ అనుకున్నాం."

"స్పేర్ అట! హైథమ్, నువ్వూ ఇసుకలో పుట్టినవాడివే. మూతలకి స్పేర్ మోసే మనిషిని ఎప్పుడైనా చూశావా? ఒంటరిగా పోయిన మనిషి జేబులో బండి సొంత మూతలు నాలుగు. బండికి వేరేవాడి మూతలు నాలుగు. నాలుగు చక్రాలకి ఎనిమిది మూతలు. తువైనీ గాలి దించుతూ ఉండగానే ఎవడో కొట్టాడు. మూతలు జేబులోనే ఉండిపోయాయి. ఆ కొట్టినవాడు శవాన్ని బండిలో వేసుకుని ఒంటె దవడ దాకా నడిపి దొర్లించాడు."

"మరి వేరే మూతలు ఎందుకు పెట్టాడు?"

"ఎందుకంటే వాడు కూడా మనవాడే కాబట్టి. మూత లేని చక్రంతో ఇసుకలోకి పోవడం వాడి చేతకాదు. మనిషిని చంపిన చెయ్యి కూడా అలవాటు తప్పలేదు. శవం జేబు వెతకాలని తోచలేదు, తన బండి మూతలు ఊడదీసి దీనికి బిగించాడు."

హైథమ్ కవరులోని మూతల్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత మొండిగా తలాడించాడు. "జాహిర్ షెడ్డులో పాత మూతలు డబ్బాడు ఉంటాయి. వాడే బిగించి ఉంటాడు."

"షెడ్డులో డబ్బా ఉందో లేదో చూశావా?"

"మీరు చూశారా?"

"చూశాను. లేదు. జాహిర్ పికప్‌కి నాలుగు మూతలూ ఉన్నాయి. పాతవే."

"సరే, నేనూ గుడ్డివాణ్ణేం కాదు. ఇలా రండి." బగ్గీ ముందుభాగంలోకి చెయ్యి పెట్టి చూపించాడు. తెర పగిలి సాలెగూడులా ఉంది. "బండి పక్కకి దొర్లింది. పైన ఇనప చట్రం ఎక్కడా సొట్ట పడలేదు. మరి మధ్యలో ఉన్న తెర ఎలా పగిలింది? వెనక ఆ దారులన్నీ దాచుకునే చిన్న కార్డు ఉండాలి, అదీ లేదు. ఇది నాకూ మింగుడు పడలేదు. పడలేదని మీకు చెప్పడం ఇష్టంలేక ఊరుకున్నాను."

ఆ మాటకి నాకు వాడిమీద పాత ప్రేమ కాస్త తిరిగొచ్చింది. "అయితే పద, శవం దొరికిన చోటు చూద్దాం."

"పొద్దుగుంకి మగ్రిబ్ నమాజు వేళకి ఇబ్రా నుంచి పోలీసు బండి వస్తుంది. జాహిర్‌ని వాళ్ళకి అప్పగించాలి. ఒకసారి కాగితాల మీదికెక్కితే నా చేతుల్లో ఏమీ ఉండదు."

"అంతలోపల వచ్చేస్తాం."

ఒంటె దవడలోకి దిగి ఎక్కగలిగింది ఆ కొత్త బండి ఒక్కటే. మామూలు పికప్‌లు పై అంచు దాకా పోయి ఆగిపోవలసిందే. అందుకని తెల్ల బగ్గీ తీయించాం. బయల్దేరబోతుంటే ముసల్లమ్ కహ్వా కాఫీ పాత్ర పట్టుకుని గుడారంలోంచి వచ్చాడు. క్యాంపు ఆయనదే. తువైనీకి స్టీరింగు పట్టడం నేర్పింది ఆయన. నాకూ ఆయనే. మా నాన్న పోయిన ఏడు ఆడపిల్లకి బండెందుకని మా మేనమామలు తాళాలు లాక్కుంటే, వాళ్ళతో దెబ్బలాడి తెచ్చి నా చేతిలో పెట్టింది ఈ మనిషే.

"తాగి వెళ్ళు బిడ్డా," అన్నాడు. నిన్నటినుంచి ఆయన పదేళ్ళు ముసలివాడైపోయాడు. "నేనే వచ్చేవాణ్ణి కానీ, ఆ గుంట మళ్ళీ చూడలేను."

"వద్దులే బాబాయ్. మీరు పడుకోండి."

"ఇదుగో ఈ వాకీటాకీ ఉంచుకో. రెండోది నా దగ్గరుంటుంది. ఏ కష్టమొచ్చినా నన్నే పిలు."

హైథమ్ ఎర్రదాని పాత మూతలు కూడా ఊడదీసి, కవర్లన్నీ ఒక సంచిలో వేసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఖాళీ గుంట చూసి రావడానికి తుపాకీ ఎందుకని దాన్ని ఔట్‌పోస్ట్‌లోనే వదిలేశాడు.

బండి గురించి చెప్పాలంటే బండి బండే. తిట్టడానికి నాకు మాట దొరకలేదు. గతుకులో పడితే నాలుగు చక్రాలూ దేనికది లేచి దిగుతాయి. పక్కనున్న హైథమ్ మాత్రం రెండు చేతులతో కమ్మీ పట్టుకుని దేవుణ్ణి తలుచుకుంటున్నాడు.

"మీకిది పరీక్షా, నాకు పరీక్షా?"

"బండికి. నువ్వు ఊరికే బరువు కోసం."

కంకర నేల అయిపోయి ఇసుక మొదలయ్యే చోట ఒంటరి గాఫ్ చెట్టుంది. ఇసుకలోకి పోయే ప్రతి బండీ అక్కడ ఆగి చక్రాల్లో గాలి దించాల్సిందే. నిండు గాలితో పోతే చక్రం సన్నగా ఉండి ఇసుకని కోసుకుంటూ దిగిపోతుంది. సగం దించితే చక్రం పరుచుకుని పైపైన పోతుంది. ఈ ఊళ్ళో నడక నేర్చిన పిల్లలకి కూడా తెలిసిన సంగతే.

నేను దిగి మొదటి చక్రం దగ్గర వంగాను. వంగినదాన్ని అలాగే ఉండిపోయాను.

"హైథమ్, మూతల్లేవు."

"ఏమిటి?"

"ఈ బండికి మూతల్లేవు. నాలుగింటికీ."

"ఫ్యాక్టరీవాడు పెట్టడం మరిచాడేమో."

"ఎర్రదానికి పెట్టి తెల్లదానికి మరిచాడా? బుర్ర పెట్టు నాయనా. చంపినవాడు తన పాత మూతలు ఎర్రదానికి బిగించాడు. తన బండి చక్రాలు బోసిగా మిగిలాయి. అలా తిరిగితే క్యాంపులో ఎవడైనా అడుగుతాడు. దగ్గర్లో దుకాణం లేదు. అందుకని నిన్న రాత్రో పొద్దున్నో దీని మూతలు కాజేశాడు. ఇప్పుడు వాడి పాత బండికి నిగనిగలాడే కొత్త మూతలున్నాయి. క్యాంపుకి పోగానే అన్ని బండ్లూ చూద్దాం. జాహిర్ ఇవాళ తల్లి చేతి అన్నం తింటాడు."

నవ్వొచ్చింది నాకు. ఆ ఉత్సాహంలోనే చెట్టు చుట్టూ తిరిగాను. మొదలు దగ్గర, గాలి తగలని వైపు, ఎవరో కాలితో ఇసుక తోసి కప్పిన గుర్తుంది. పుల్లతో గీకాను. కింద ఇసుక నల్లగా గడ్డకట్టి ఉంది. చీమలు పట్టి ఉన్నాయి.

హైథమ్ మోకాళ్ళమీద కూర్చుని చాలాసేపు చూశాడు. ఆ గడ్డని జాగ్రత్తగా తీసి కవరులో వేశాడు.

"తువైనీ ఇక్కడే పోయాడు," అన్నాడు మెల్లగా. "జాహిర్ ఆ టైములో క్యాంపులో ఫాటక్ దగ్గర టీ తాగుతున్నాడని కాపలావాడు చెప్పాడు. బోల్టు ముందే పీకి ఉంటే ఆ టైములో ఎక్కడుంటేనేం అని నేనది లెక్కలోకి తీసుకోలేదు. ఒప్పుకుంటున్నాను, ఉమ్మ్ జాబిర్."

"ఆ మాట ఇబ్రావాళ్ళతో చెప్పు. నాతో కాదు."

"వెనక్కి పోదామా?"

అప్పుడే వెనక్కి పోవాల్సింది. కానీ ఆ తెర కార్డు నన్ను తొలిచేస్తోంది. గుంటలో ఒక్కసారి ఇసుక జల్లించి చూస్తే దొరుకుతుందేమోనని ఆశ. పది నిమిషాల పని అన్నాను. హైథమ్ తలూపాడు.

ఒంటె దవడకి మూడు వైపులా నిలువు దిబ్బలు. అడుగు వేస్తే మోకాలి దాకా దిగి, వేసిన అడుగు వెనక్కి జారుతుంది. నాలుగోవైపు పొడుగాటి వాలు ఒకటుంది, బండి దిగేదీ ఎక్కేదీ దానిమీదే. దిగడం సుఖంగా దిగాం. వెతికాం. కార్డు లేదు. గాలి లేదు. గుంటలో ఎండ నాలుగు పక్కల నుంచీ మీద పడుతోంది. గొంతు అప్పుడే ఎండిపోయింది.

"పద, పోదాం," అని బండి ఎక్కి వాలువైపు తిప్పాను. సగం ఎక్కామో లేదో స్టీరింగు ఎడమకి లాగేసింది. ఏదో ఊడిన చప్పుడు. బండి అడ్డం తిరిగి, ఆగి, మెల్లగా, మెల్లగా పక్కకి ఒరిగింది. దొర్లుకుంటూ అడుక్కి వచ్చిపడ్డాం.

నాకు మోచేయి చీరుకుపోయింది అంతే. హైథమ్ కాలు కమ్మీ కింద ఇరుక్కుంది. లాగి బయటికి తీస్తే వాడు పెద్ద కేక పెట్టాడు. మడమ దగ్గర ఎముక చర్మాన్ని లోపలినుంచి నెడుతోంది.

వెళ్ళి చక్రాలు చూశాను. ఎడమవైపు రెండూ పూర్తిగా గాలిపోయి రిమ్ము మీంచి ఊడిపోయాయి. గాలి దించేటప్పుడు బోసి వాల్వులోకి ఇసుక పోయింది. మధ్యలో ఒక్క రేణువు ఇరుక్కుంటే చాలు, దారి పొడుగునా చప్పుడు లేకుండా కారిపోతుంది. మూత లేకుండా ఇసుకలోకి ఎవడు పోతాడని జాహిర్ అన్నాడు. నేను పోయాను. మూతల్లేవని కళ్ళారా చూసి, హంతకుడు దొరికాడన్న సంబరంలో పోయాను. నన్ను చెప్పుతో కొట్టాలి.

"నీళ్ళు?" అన్నాడు హైథమ్.

సీసా తీశాను. మూత పగిలి సగం కారిపోయింది.

వాకీటాకీ నొక్కాను. "బాబాయ్! ముసల్లమ్ బాబాయ్! వినపడుతోందా?"

గరగర. ఆ వెంటనే ఆయన గొంతు, ఎంత స్పష్టంగా ఉందో. "చెప్పు బిడ్డా."

ప్రాణం లేచొచ్చింది. "ఒంటె దవడలో బండి పడింది. హైథమ్ కాలు విరిగింది. మీరెక్కడ?"

"క్యాంపులోనే ఉన్నాను. కదలకండి, తాడు తీసుకుని వచ్చేస్తున్నాను."

"బాబాయ్, ఇంకోమాట. వచ్చేముందు క్యాంపులో బండ్లన్నీ చూడండి. ఏ పాత బండికి కొత్త నల్ల మూతలున్నాయో దాన్ని కదలనివ్వకండి. తువైనీని చంపినవాడి బండి అదే. జాహిర్ తప్పు లేదు."

గరగర కూడా ఆగిపోయింది. వాకీటాకీ చచ్చిందేమోనని తట్టాను.

"అలాగే బిడ్డా," అన్నాడు ఆయన. "ఇది ఇంకెవరికైనా చెప్పారా?"

"లేదు, మీకే."

"నీళ్ళెన్నున్నాయి?"

"సగం సీసా."

"సరే."

హైథమ్‌ని బగ్గీ నీడలోకి జరిపాను. నా తలగుడ్డ చింపి కాలికి కట్టు కట్టాను. కవర్ల సంచి వాడి పొట్టమీదే ఉంది. ఎనిమిది మూతలు, ఒక ఇసుక గడ్డ. జాహిర్‌ని విడిపించే సాక్ష్యమంతా అదే. దాన్ని నమ్మే మనుషులం లోకం మొత్తానికీ ఇద్దరం. అందరం ఈ గుంటలోనే ఉన్నాం. మగ్రిబ్‌కి ముందు బయటపడకపోతే నస్రాకి నేనేం మొహం చూపించాలి?

"ఉమ్మ్ జాబిర్," అన్నాడు హైథమ్. వాడి పెదవులు తెల్లబడ్డాయి. నొప్పికనుకున్నాను. "నిన్న ముసల్లమ్ వాఙ్మూలం నేనే రాసుకున్నాను. గుంటలోంచి రేడియో క్యాంపుకి అందలేదు, దిబ్బ ఎక్కాల్సొచ్చిందన్నాడు."

"అవును. ఇక్కడ దిగితే క్యాంపు మాట మనకి వినపడినా మన మాట అక్కడికి అందదు. చిన్నప్పుడు నాకు చెప్పింది కూడా..."

పక్కనున్న వాకీటాకీ వైపు చూశాను.

"ఇప్పుడెలా అందింది మరి?" అన్నాడు వాడు. "క్యాంపులో ఉన్నానన్నాడు."

తల అడ్డంగా తిప్పాను. "గాలి మారిందేమో. రేడియో ఒక్కోసారి..."

"మీకు తెలుసు అది కాదని."

నాకు తెలుసు. తెలిసినా కాదని దేవుణ్ణి బతిమాలుకున్నాను. పొద్దున్న జాహిర్ పికప్ చక్రాలు చూశాను, ఆయన బండివి చూడలేదు. చూడాలన్న ఆలోచనే రాలేదు. మా నాన్న తోడబుట్టినవాడిలాంటి మనిషి బండిని ఎలా అనుమానిస్తాను?

అంతలోనే పై అంచున ఇంజను చప్పుడు వినిపించింది. క్యాంపు నుంచి రావాలంటే అరగంట పైనే పడుతుంది. నేను వాకీటాకీ పక్కన పెట్టి ఎంతోసేపు కాలేదు.

పికప్ ముక్కు అంచు మీద కనిపించి ఆగింది. ముసల్లమ్ దిగి తాడు కిందికి విసిరాడు. "ముందు నువ్వు రా బిడ్డా! వాణ్ణి తర్వాత లాగుదాం!"

"వెళ్ళకండి," అన్నాడు హైథమ్ పళ్ళు బిగించి.

"ఇక్కడ కూర్చుంటే మాత్రం ఏమొస్తుంది? నా కళ్ళతో చూడాలి."

తాడు నడుముకి చుట్టుకుని ఎక్కాను. మోకాళ్ళు, మోచేతులు, పళ్ళు, అన్నీ వాడాను. ఇసుక నోట్లోకి పోతోంది. అంచుకి చెయ్యందే దూరం వచ్చేసరికి పికప్ ముందు చక్రం సరిగ్గా నా కళ్ళకెదురుగా ఉంది. నలభై ఏళ్ళ బండి, రంగు పోయి టీ మరకలా తయారైంది. నేను స్టీరింగు పట్టడం నేర్చుకున్న బండి అదే. దాని చక్రానికి నల్లటి కొత్త మూత ఉంది. నిగనిగలాడుతోంది.

చూపు తిప్పేసుకోవాలి. తిప్పుకోలేకపోయాను.

ఆయన అంచు మీద గొంతుక్కూచున్నాడు. తాడు ఆయన పిడికిట్లోనే ఉంది. "చిన్నప్పుడు నీకు ఇదే చెప్పేవాణ్ణి గనీమా. ఏ బండి ఎక్కబోయినా ముందు చక్రాలు చూడమని. మరిచిపోలేదు నువ్వు."

"బాబాయ్, ఎందుకు?"

"వాడికి నేను దారి చూపించాను. మా తాత మా నాన్నకి, మా నాన్న నాకు చూపించినట్టు, ఒక్కో దిబ్బా, ఒక్కో బావీ. కొడుకులకంటే ఎక్కువని చూపించాను. అవన్నీ పట్టుకుపోయి బండితో పాటు బొమ్మలా పంచిపెడతానన్నాడు. చెట్టు దగ్గర బతిమాలాను. నవ్వాడు. ముసలివాడివి, నీకర్థం కాదన్నాడు." ఆయన కళ్ళు నీళ్ళతో నిండాయి. ఆ నీళ్ళు నిజమైనవే. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"జాహిర్ మీ దారుల కోసమే వాడితో కొట్లాడాడు. వాడి పానా పెట్టి, బోల్టు పీకి, వాణ్ణే ఇరికిస్తారా? వాడికి తల్లి ఉంది."

"తెలుసు. మంచి పిల్లాడు. ఏం చెయ్యను?"

"నన్ను పైకి లాగండి. మీరే చెప్పండి వాళ్ళకి. నేను పక్కనుంటాను."

చాలాసేపు నన్నే చూశాడు. లాగుతాడనే అనుకున్నాను. ఒట్టు, లాగుతాడనే అనుకున్నాను.

"ఒకే రకం బండి, ఒకే గుంట, రెండోసారి," అన్నాడు. "ఇంక దాన్ని ఎవడూ కొనడు. ఎవడూ ఇటు రాడు."

ముందుకి వంగి నా నడుం దగ్గరికి చెయ్యి చాచి ముడి లాగేశాడు. అరచేతితో నా భుజాన్ని ఒక్క తోపు తోశాడు. నేను ఇసుకతో పాటు జారుకుంటూ, దొర్లుకుంటూ హైథమ్ పక్కన వచ్చి పడ్డాను. కళ్ళు తుడుచుకుని చూసేసరికి తాడు దిబ్బ మీద గీత గీసుకుంటూ పైకి పాకుతోంది. ఎగిరి అందుకోబోయాను. కొస వేళ్ళకి తగిలి పోయింది.

పికప్ ముక్కు అంచు మీంచి వెనక్కి తగ్గింది. హైథమ్ ఛాతీ మీద వాకీటాకీ గరగరమంది. ముసల్లమ్ గొంతు, దిబ్బ పైనుంచి, క్యాంపువాళ్ళతో మాట్లాడుతోంది.

"క్యాంపు, వింటున్నారా? ఉమ్మ్ జాబిర్ వాళ్ళు సముద్రం వైపు దారి పట్టారు. రేపుగానీ రారట. వాళ్ళకి అన్నం ఉంచకండి."

"అలాగే బాబాయ్," అంది గుడారాల నుంచి ఎవరిదో లేత గొంతు, సన్నగా, చాలా దూరంనుంచి.

"ఔట్‌పోస్ట్‌లో చెప్పు, ఇబ్రా నుంచి బండొస్తే జాహిర్‌ని పంపించేయమన్నాడు లెఫ్టినెంట్. తనకోసం చూడొద్దన్నాడు."

"అబద్ధం! అబద్ధం! నేను ఒంటె దవడలో ఉన్నాను!" హైథమ్ మీట నొక్కిపెట్టి గొంతు చించుకుని అరిచాడు. మీట వదిలి విన్నాడు.

"సరే బాబాయ్," అంటోంది ఆ లేత గొంతు. "ఇప్పుడే చెప్తాను."